మూరన్నర బొంత

మూరన్నర పొడవు, మూర వెడల్పు.
అంతకు మించితే బొంత కాదు, దుప్పటి పని.
దానికి నా దగ్గర పొద్దు లేదు.

పొద్దంటే ఏముంది,
అన్నం ఉడికేలోపు ఒక వరస.
ఆనందపురంలో పూలు దింపి
జగ్గారావు ఆటో తిరిగొచ్చేలోపు ఇంకో వరస.
కుళాయి దగ్గర బిందె నిండేలోపు నాలుగు కుట్లు.
ఎవరు పిలిచినా
సూది జాకెట్టుకి గుచ్చుకుని లేస్తాను.
ఒకసారి అలాగే రేషను బండి దాకా వెళ్ళాను,
వేలిముద్ర వేస్తుంటే దారం తోకలా వేలాడుతోంది.
"ఏటప్పా, నా మిషన్ని కూడా కుట్టేస్తావేటి?"
అన్నాడు బండి కుర్రాడు.

పై పొరకి మా అత్త దాలమ్మ పాత నేతచీర.
చామంతి మళ్ళలో ముప్పై ఏళ్ళు వంగి వంగి
మోకాళ్ళ దగ్గర పల్చబడ్డది.
కొత్తగుడ్డకి పసిఒళ్ళు తెలీదు, గరగరలాడుతుంది.
లోపలికి జగ్గారావు లుంగీ, చిన్నదాని బడి గౌను,
ఎలక్షన్లప్పుడు పంచిన తువ్వాలు.
దాని మీద గుర్తు లోపలివైపుకి తిప్పేశాను,
పుట్టకముందే పార్టీ ఎందుకని.

నా గీతలు తిన్నగా ఉండవు.
ఇదిగో, ఇక్కడ వంకర పోయింది చూడండి,
గేదె కట్టు తెంపుకుని
నూకరాజు వరిమడిలో పడిన రోజు.
ఇక్కడ తెల్లదారం అయిపోయి ఎర్రది మొదలైంది,
తగరపువలస వెళ్ళే మనిషి దొరకలేదు.
ఈ జానెడు మేర, ఊపిరాడనంత దగ్గరగా పడ్డ కుట్లు,
జగ్గారావుకీ నాకూ మాటల్లేని మూడు రోజులు.
ఈ మూలన మాత్రం కప్ప గెంతులు.
"నేను కుడతానే అమ్మా" అంటే చిన్నదానికి ఇచ్చాను.
విప్పలేదు.

పక్కింటి గణేశు పెళ్ళాం హైమ కోసం ఇది.
మొదలుపెట్టేసరికి ఆరో నెల.
దీపావళికి ముందే ముగించి
బియ్యం డబ్బా మీద మడత పెట్టాను.

ఆ రాత్రే వాయుగుండం.
భీమిలి వైపు నుంచి గాలి
మా రేకుల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతోంది.
కరెంటు పోయింది. పాకలో మేక ఈనింది.
తెల్లారి చూద్దును కదా,
జగ్గారావు గుంజకి జేరబడి నిద్రపోతున్నాడు,
ఒళ్ళో నా బొంత,
బొంతలోంచి రెండు తడి చెవులు.

నోటికొచ్చినట్టు తిట్టాను.
నలభై రోజుల పని కదా,
ఇంట్లో గోనెసంచులు లేవా, నీ తలగుడ్డ లేదా అని.
ఆయన ఒక్కటే అన్నాడు,
"సీకట్లో తడిమితే ఇదే మెత్తగా తగిలింది."
దానికి నా దగ్గర జవాబు లేదు.
అయినా ఇంకో పూట తిట్టాను.

వేడినీళ్ళు, కుంకుడురసం, మళ్ళీ వేడినీళ్ళు.
దడి మీద రెండు ఎండలు.
ముక్కు ఆనించి చూస్తే
ఎక్కడో అడుగున ఇంకా మేక.
సర్లే, ఇది దానికే పోనీ అని
హైమకి మరొకటి మొదలుపెట్టాను.
మూడు వరసలు కాలేదు, నొప్పులన్నారు.
నెల ముందే.

మా ఆటోలోనే వైజాగ్ పెద్దాసుపత్రికి.
అత్త ఆ బొంతనే చంకన పెట్టుకుని ఎక్కింది.
"వద్దత్తా, వాసనొస్తాది."
"రానీ. ఒకదాన్ని బతికించీసింది.
దారి దానికి తెలుసు."

ఆడపిల్ల. కిలో ఎనిమిదొందలు.
గాజుపెట్టెలో పదకొండు రోజులు.
బొంత బయట వరండాలో
అత్త ఒళ్ళో కూర్చుని
వచ్చే పోయే నర్సుల్ని చూసింది.

ఇంటికి తెచ్చిన సాయంత్రం
మేకపిల్ల గెంతుకుంటూ వచ్చింది,
బొంత అంచు నోట కరిచి లాగింది,
నాదీ అన్నట్టు.
లోపలున్నది ఏడవలేదు. తుమ్మింది.

ఆ అంచున రెండు కుట్లు ఊడాయి.
వేస్తాను,
అన్నం వార్చి వచ్చి.