పన్నెండు డిగ్రీలు

ట్రియెస్తెలో బోరా గాలి వీచే రోజు
వీధుల పొడవునా తాళ్లు కడతారు.
ఒక చేత్తో తాడు, ఒక చేత్తో టోపీ,
నిటారు మనుషులంతా ముందుకు వాలి నడుస్తారు.

ఒండీనా కొస్సుత్తా మూడో అంతస్తు కిటికీలోంచి
కోణమాని పట్టి ఆ వాలు కొలిచింది.
చేపల బుట్టతో వెళ్లే ముసలమ్మది తొమ్మిది,
బడికి ఆలస్యమైన పిల్లాడిది పద్దెనిమిది.
పన్నెండు దగ్గర ఆగింది.
"ఇంతకంటే వాలితే పడిపోవడమే,
ఇంతకంటే నిలబడితే మొండితనమే."

ఐస్‌క్రీం బండికి అక్షరాలు కావాలని వచ్చినవాడు
గాస్తోనె విదాలి.
"బొద్దుగా ఉండాలి. రోడ్డవతల నుంచి చూడగానే
నోట్లో నీళ్లూరాలి. మూలలు మాత్రం వద్దు,
పిల్లల మోకాళ్లకు తగుల్తాయి" అన్నాడు,
అక్షరాలు నిజంగానే కలపతో చేసేవైనట్టు.

తలకట్లు లేవు, గుణింతాలు లేవు వీటికి,
ఉన్న ఒంటితోనే ఒయ్యారం పోవాలి.
నేనప్పుడు ఆమె దగ్గర గీతల్లో నల్లసిరా నింపే కుర్రాణ్ణి.
నింపుతూ నింపుతూ తెలిసింది:
ఊరికే చివరలు గుండ్రం చేస్తే అక్షరం కాదు, సాసేజ్ అవుతుంది.
వంపు తిరిగే చోట గీత వెంట్రుకంత సన్నబడాలి,
లేకుంటే అక్కడ చీకటి గడ్డకడుతుంది.
'ఓ'ని ఉన్నపళంగా పక్కకు తోస్తే గాలి పోయిన టైరు.
దాన్ని మళ్లీ చేత్తో గీసి నిలబెట్టాలి,
వాలుతూ ఉండగానే నిలబెట్టాలి.

'ఎస్' దగ్గర పదకొండు రోజులు.
పన్నెండో రోజు ఒండీనా ఉడికిన బంగాళాదుంపలు తిని
పగలంతా పడుకుంది.
పదమూడో రోజు కుదిరింది.
ఎలా అంటే, "నాకేం తెలుసు, దాన్నే అడుగు."

రెఫోలో అని పేరు పెట్టింది,
బోరాలో ఒక్క విసురుకి ఆ ఊరి మాట.
నమూనా కాగితం అడుగున హెచ్చరిక:
'ఇరవై నాలుగు పాయింట్లకు తక్కువ వాడకండి.
పొడవాటి సంగతులు దీంతో చెప్పకండి.
ఇది కేకేసే గొంతు.'

ఎవరు విన్నారు?
టైర్ల దుకాణం వాడుకుంది, నప్పింది.
లాండ్రీ వాడుకుంది, ఇంకా నప్పింది.
పన్నుల ఆఫీసు 'ఆఖరి గడువు' అని దీంతోనే వేస్తే
ఒండీనా వారం పాటు
అన్నం ముందు కూర్చుని తిట్టింది.

తర్వాత ఒక ఫిబ్రవరి పొద్దున
కావానా వీధి గోడ మీద
చావు కబుర్ల కాగితాల వరసలో,
నల్ల అంచులు, సిలువలు, సన్నని నిటారు అక్షరాల నడుమ
గాస్తోనె విదాలి,
రెఫోలోలో, డెబ్బై రెండు పాయింట్లలో,
బొద్దుగా, ముందుకు వాలి,
ఎక్కడికో ఆలస్యమైనట్టు.

ప్రింటరు లివియో తల గోక్కున్నాడు.
"కూతురు పట్టుబట్టింది. వద్దమ్మా,
ఇది ఐస్‌క్రీం అక్షరం అన్నాను.
మా నాన్న ఐస్‌క్రీం మనిషేగా అంది."

ఒండీనా తాడు పట్టుకుని చాలాసేపు నిలబడింది.
ఏడుస్తుందనుకున్నాను.
"ఏకీ ఎల్‌కీ మధ్య ఎడం ఎక్కువైంది" అంది.
"లివియో తప్పు కాదు. నాదే."

ఆ రాత్రి నమూనా కాగితం కత్తిరించి
రెండక్షరాల్నీ రవ్వంత దగ్గరికి జరిపి అతికించింది.
నేను జిగురు పట్టుకుని నిలబడ్డాను.
అప్పటికే కావానా వీధిలో
మూలల్లేని ఆ అక్షరాలను మోస్తున్న కాగితానికి
మూలలున్నాయి కదా,
వాటిలో ఒకదాన్ని గాలి పట్టుకుంది.