సీసాలో దూది

డాక్టర్ ఒగాడా ఎల్డోరెట్‌కి బదిలీ అయిందని
టోకెన్లిచ్చే కుర్రాడు చెప్పాడు,
టీ అయిపోయిందని చెప్పినంత తేలిగ్గా.

పదిహేడేళ్ళు.
ఆమె కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క.
అట్టముక్క అలాగే ఉంది. కుర్చీలో మాత్రం
మెడ బిగిసిన కాలరుతో ఒక పిల్లవాడు.
నేను కుట్టి ఉంటే రెండు వేళ్ళు వదులుండేది.

"మొదటినుంచి చెప్పండి," అన్నాడు స్వాహిలీలో.

మొదటినుంచట.
మొదలెక్కడుంది నాయనా?
ఒమోలో లారీ మొంబాసా నుంచి తిరిగొచ్చిన రాత్రా,
అతన్ని పూడ్చి వచ్చాక
నా నోట్లో తెల్లగా పూసిన పూతా,
మా ఆడబిడ్డ నా గ్లాసు విడిగా బోర్లించిన పొద్దా?

ఇవన్నీ లువోలో పడ్డాను, లువోలోనే చెప్పుకున్నాను.
ఒగాడాకి సగం చెబితే సరిపోయేది,
మిగతా సగం మా అమ్మ యాసలో ఆమే పూర్తిచేసేది.
స్వాహిలీ నాకు బజారు భాష.
గజమెంత, దారమెంత, చిల్లరుందా,
అంతవరకే నాలుక తిరుగుతుంది.
అందుకే నా జబ్బును గుడ్డ బేరంలా చెప్పాను:

"రెండువేల ఏడు. అప్పుడు కణాలు తొంభై ఆరు.
ఇప్పుడు ఆరువందల పైన.
అప్పట్లో పూటపూటకీ మాత్రలు, ఇప్పుడు రాత్రికొకటి.
తగ్గించేది లేదు."

ఆఖరి మాట అలవాటుకొద్దీ వచ్చేసింది.
అతను నవ్వలేదు. రాసుకున్నాడు.

"వైరస్ కనబడడం లేదు," అన్నాడు,
కంప్యూటర్ తెరనే చూస్తూ.
అది కనబడకపోతే మంచిదే.
నేను కూడా కనబడడం లేదయ్యా అనడానికి
మాటలు వెతుక్కునేలోగా
"సీసా ఇవ్వండి, మాత్రలు లెక్కపెట్టాలి."

ఊపాడు. చప్పుడు లేదు.
చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఊపాడు.
అప్పుడు చూశాడు నా ముఖంలోకి.
మందు పారబోసేవాళ్ళను చూసే చూపది, ఎరుగుదును.
మూత తిప్పి, రెండు వేళ్ళు దూర్చి దూది లాగాడు.
ఇంకా లాగాడు.
బల్ల మీద అంత కుప్ప.
వెనకాల పదకొండు మాత్రలు.
ఉండాల్సినవీ పదకొండే.

"ఇదెందుకు?"

మతాతులో పద్నాలుగు సీట్లు బాబూ, ఎక్కేది ఇరవైమంది.
ఒళ్ళో సంచీ.
కొండెలే దగ్గర గుంతలో పడ్డప్పుడల్లా
సీసా గలగలమంటుంది.
ఆ గలగల ఏ మందుదో
పక్కన కూర్చున్న ఎండుచేపల ఆమెకీ తెలుసు,
డబ్బులు వసూలుచేసే పోరగాడికీ తెలుసు.
ఒగాడాయే నేర్పింది.
తొలి ఉండ తన కట్ల పెట్టెలోంచి తుంచి ఇచ్చింది.

ఇదంతా స్వాహిలీలో ఎట్లా చెప్పానో నాకే తెలీదు.
సగం చేతులు చెప్పాయి.
గుంత కోసం కుర్చీలో ఎగిరి కూడా చూపించాను,
మోకాలు కలుక్కుమంది.

అతను దూదినే చూస్తూ చాలాసేపున్నాడు.
బయట ఎవరో టోకెన్ నంబరు అరిచారు, రెండుసార్లు.

"మా అమ్మ పిండి డబ్బాలో దాచేది," అన్నాడు.

దాచేది అన్నాడు. దాస్తుంది అనలేదు.
నేను అడగలేదు.

మాత్రలు పోసి, దూది తనే కుక్కబోయాడు.
డాక్టరు చేతులు, కుక్కడం రాదు.
తీసుకుని నేనే సర్దాను:
కింద కొంచెం, చుట్టూ కొంచెం, పైన గట్టిగా.
తిరిగి అతనికిచ్చాను.
చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపి
తలాడించాడు.

సరస్సు మీంచి వాన వాసన వస్తోంది.
మతాతు కదిలాక గుర్తొచ్చింది:
పొద్దున బయల్దేరింది
వేరే ఆసుపత్రికి కాగితాలు రాయించుకుందామని.
మోకాలి సంగతి అడగనే లేదు.
ఆ కాలరు విప్పుకోమనీ చెప్పలేదు.

సర్లే,
మూడు నెలలకి చెబుదాం.