లైను చివర రెండు ఖాళీలు

అరండల్‌పేట తొమ్మిదో లైనులో మా డీటీపీ షాపు.
షట్టరు సగమే లేస్తుంది,
ఎంతటివాళ్లైనా వంగే లోపలికి రావాలి.

యల్లమంద గారూ అలాగే వంగి వచ్చి
గోనెసంచి బోర్లించారు టేబుల్ మీద.
ముప్పై ఏళ్ల కవితలు,
అన్నీ మిర్చియార్డు తక్‌పట్టీల వెనకే.
ముందువైపు బస్తాలు, తరుగు, హమాలీ కూలి,
వెనక్కి తిప్పితే
వాన.

టకటకా కొట్టేశాను.
పేజీలోకి ఎక్కించి చూస్తే
గట్లు తెగిన మళ్లలాగా
లైన్లన్నీ కలిసిపోయి ఒకటే పేరా,
రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజు.

కళ్లజోడు తీసి తెరకి మొహం ఆనించి చూశారాయన.
"అక్షరాలన్నీ ఉన్నట్టే ఉన్నాయమ్మా కరీమూ.
బ్రాడీపేట లైన్లన్నీ చెరిపేసి ఒకే రోడ్డు చేశారనుకో,
నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డులో మనిషి
ఏమైపోవాలి?"

ఎంటర్ కొట్టాను బాబాయ్, ఒట్టు.
ఒకసారి కొడితే ఈ మిషనుకి వినపడదు.
రెండుసార్లు కొడితే మరీ వినపడి
అటొక పేరా ఇటొక పేరా విసిరేస్తుంది,
మధ్యలో వేసవి కృష్ణంత ఇసుక.

మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు కిటుకు.
లైను చివర రెండు ఖాళీలు వదలమని.
అంతే,
స్పేసుబారు మీద బొటనవేలు రెండుసార్లు.
తెర మీద కనపడవు,
బిల్లులో రాయలేను,
లైను మాత్రం వాటికి చేరగిలబడి
అక్కడే ఆగుతుంది.

మొదలుపెట్టాక పట్టుకుంది అసలు అనుమానం.
తక్‌పట్టీ జానెడు వెడల్పుండదు.
"ఇక్కడ ఆపింది మీరా, కాగితం అయిపోయిందా?"

ఆయన పైకి చదవడం మొదలుపెట్టారు,
గాలిలో వేలితో దారం తెంపుతూ.
ఇది నాది.
ఇది కాగితానిది, కలిపెయ్.
ఇదీ కాగితానిదే.
ఇది... ఫిబ్రవరి సరుకమ్మా, ఘాటుకి దగ్గొచ్చి ఆగాను.
ఉండనీ.

దగ్గుకీ రెండు ఖాళీలు పెట్టాను.

కరెంటు పోయి వచ్చింది. టీ వచ్చింది.
ఎవరో ఆధార్ జిరాక్సుకని వంగి,
మమ్మల్ని చూసి, అట్నుంచటే వెళ్లిపోయారు.

ఒక్కచోట ఇద్దరం ఆగిపోయాం.
'తూకం అయిపోయాక కాటా ముల్లు' అని ఒక లైను,
దాని కింద 'ఊగుతూనే ఉంది' అని.
అంచు చిరిగిపోయింది కాగితానికి.
మూడుసార్లు చదివారు, మూడు రకాలుగా.
"రాసినప్పుడు తెలిసే ఉంటుంది" అన్నారు,
వేరెవరి సంగతో చెప్తున్నట్టు.

ఆయన వెళ్లాక
'ముల్లు' తర్వాత ఒక్క ఖాళీ ఎక్కువ పెట్టాను.
ఒకదాన్ని మిషను లెక్కచెయ్యదు,
లైను కలిసిపోయే కనిపిస్తుంది అందరికీ.
ఫైల్లో మాత్రం ఉంది,
ఆ పక్కన ఇంకొకటి
ఎప్పుడైనా ఆయనకి గుర్తొస్తే.