తోక చివర పొక్కు

మాధవాయిపాలెం రేవులో పంటు దిగి
తడిసిన కుచ్చెళ్ళతోనే కొట్టు మెట్టెక్కింది కొపనాతి నూకాలు.
బొడ్డున దోపిన సంచీలోంచి
మందుల చీటీ, ఆధార్ జిరాక్సు,
వాటి మధ్య పసుపు గుడ్డ,
గుడ్డ విప్పితే ఒక బిళ్ళ.

"ఎంతొత్తది?"

ఒక పక్క కొండ ఎత్తిన హనుమంతుడు.
రెండో పక్క ఈస్టిండియా కంపెనీ,
పద్దెనిమిది వందల పద్దెనిమిది.
వాళ్ళత్త పోయాక బియ్యం డబ్బా అడుగున దొరికిందట.
రాజోలు నుంచి ఒకడొచ్చి
పళ్ళెంలో నూకలు పోసి దీన్ని పక్కన పెడితే
నాలుగు గింజలు దానికేసి జరిగాయట.
ఫ్యాను తిరుగుతోందా అప్పుడు, అనడిగాను.
కరెంటుందిలే, అంది.
పరీక్ష ఖర్చుకి యాభై వేలు కడితే
కోటికి అమ్మిపెడతానన్నాడట.

తూచాను. తులానికి మూడు గురిగింజలు తక్కువ.
గచ్చు మీద వేశాను.
వెండిలా పలకలేదు, ఇత్తడి చెంబులా దగ్గింది.
గీటురాయి మీద గీసి చుక్క వేస్తే
పచ్చటి నురగ.
కంపెనీ దొరలు శిస్తులు పిండుకున్నారు గానీ
ఆంజనేయుణ్ణి అచ్చేయించలేదమ్మా,
అని చెప్పబోతుంటే
భూతద్దం తోక చివర ఆగిపోయింది.

అక్కడో పొక్కు. నువ్వుగింజంత.

అచ్చు పెచ్చూడితే బిళ్ళ మీద పొక్కు లేస్తుంది.
అక్కడ పోయిందే ఇక్కడ తేలుతుంది.
ఆ అచ్చు జారిపడింది నా చేతిలోంచి.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
నాన్న వీపు మీద ఒక్కటిచ్చాడు,
తర్వాత అచ్చు వెలుగులోకి తిప్పి చూసి నవ్వాడు:
"లంక కాల్చిన తోకరా, బొబ్బ లేకపోతే ఎలా?"
అంతర్వేది తీర్థం వారంలోకి వచ్చేసింది,
ఇంకో అచ్చు చెక్కే వ్యవధి లేదు.

జీళ్ళ కొట్టుకీ రంగులరాట్నానికీ మధ్య
ఇసకలో దుప్పటి పరిచి, అర్ధరూపాయికొకటి.
"పాతది కాదు బాబూ, బొమ్మ బిళ్ళ!
పిల్లలు ఆడుకునే బిళ్ళ!"
గొంతు పోయేదాకా అరిచి మరీ అమ్మాడు.
ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి ముగ్గులు.
ఏ పాత డబ్బు మీదో చూసి, ఒక్కో గీతా దించాడు.
అరుపు ఉప్పుగాలిలో పోయింది.
అంకె మిగిలింది.
అచ్చు మాత్రం ఎనభై ఆరు వరదకి
పెట్టెతో సహా కొట్టుకుపోయింది.
నాన్న చెక్కినది ఒక్కటీ లేదు నా దగ్గర.

"ఇది విలువైంది కాదమ్మా" అన్నాను.
ఆవిడ మొహం కాస్త వాలింది.
గుడ్డ మడవబోతోంది.
అక్కడ ఊరుకోవలసింది నేను.
"నాకిస్తావా? అయిదొందలిస్తాను."

నూకాలు చేయి ఆగింది.
మొప్ప ఎత్తి చూసినట్టు చూసింది నన్ను.
"ముప్పయ్యేళ్ళు సేపలమ్మినదాన్ని నేను.
పాసిపోయిందని సెప్పి
అయిదొందలెట్టి కొంటానన్నోణ్ణి ఏ సంతలోనూ సూళ్ళేదు."

వెయ్యి అన్నాను. ముడి బిగించింది.
రెండు వేలు అనేసరికి మెట్టు దిగిపోయింది.
వెంటపడి చెప్పాను, అచ్చు సంగతీ
దెబ్బ సంగతీ బొబ్బ సంగతీ.
చెప్పేకొద్దీ నా చెవికే
అది రాజోలు వాడి మాటలా వినపడింది.

"వాడికి మాత్రం డబ్బు కట్టకు!"
రేవు దాకా వినపడేలా అరిచాను,
అచ్చం తీర్థంలో నాన్నలా.
ఆవిడ వెనక్కి తిరగలేదు.
కొంగులో ముడిని మాత్రం ఇంకాస్త లోపలికి దోపింది.

గీటురాయి మీద ఆ ఇత్తడి గీత అలాగే ఉంది.
సాయంత్రం ముక్కుపుడక అమ్మడానికొచ్చిన కుర్రాడికి
రాయి రెండో వైపు తిప్పి గీశాను.