ఇరవై ఒక్క చుట్లు

బాలసముద్రంల స్వెట్టర్ల డేరాలకు
రాత్రి కావలి నేను.
కార్తీకం పోంగనె వస్తరు,
రథసప్తమి దాటితె మూటలు గడ్తరు.
ఊరంత వాళ్లను నేపాలోళ్లంటది.
రెండేండ్లు నేను గూడ గట్లనే అన్న.
"నేపాల్ గాదు" అన్నది డోల్కర్,
పైసలు లెక్కవెట్టుకుంట, తలెత్తకుంట.

తెల్లారగట్ల నాలుగున్నర.
కాజీపేట దిక్కు గూడ్సుబండి కూత.
మంచుకు తడిసిన టార్పాలిన్ మీద
డెబ్బై రెండేండ్ల మనిషి
రెండు చేతులు బార్లజాపి
తిరుగుతాంది.
కుడి దిక్కుకు. మెల్లగ. ఒక్కతీరుగ.
దయ్యం వట్టిందనుకొని
చేతికట్టె గట్టిగ వట్టుకున్న.
ఆగింది. నా దిక్కు జూసింది.
"ఇరవై ఒక్కటి" అన్నది,
అప్పు తీరినట్టు.

తిరుగుడు నాకు కొత్త గాదు.
ఆజంజాహి మిల్లుల రింగు ఖాతా నాది.
పద్దెనిమిదేండ్లు కదుర్ల నడుమ
అటు నడిచిన, ఇటు నడిచిన.
పోగు తెగితె మనిషి ఆగాలె, కదురు ఆగది;
తిరిగేటి కండె మీదనె కొస దొరకవట్టి
బొటనవేలుతోటి అంటియ్యాలె.
మిల్లు మూసినంక
కదుర్లను పాత ఇనుము కింద తూకమేసిన్రు.
నా మోకాళ్లను
ఏ కాంటా మీద వెట్టలే.

"దా, సారంగపాణీ" అన్నది.
కండ్లు తిరిగితె ఒక్క జాగనే చూడాల్నట.
హ్యాంగరుకు ఏలాడే మెరూన్ స్వెట్టరుకు
ఆరువందల యాభై అని చీటి.
తిరిగి వచ్చినప్పుడల్ల ఆరువందల యాభై.
దేవుని పేరు గూడ
ఒక్క పొద్దుల గన్నిసార్లు తలువలే.
మూడు చుట్లకే కూలవడ్డ.
రెండోది, ఎల్లెలుకల పండి కాళ్లు మీదికి, గదుమ రొమ్ముకు.
మోకాళ్ల మీద నిలవడి ఎనుకకు వంగేది మూడోది.
అది నేను చేస్తాంటె ఆమె నవ్విన నవ్వుకు
ఉలెన్ టోపీల మూట మీద పన్న కుక్క
లేసి అవతలికి వోయింది.
నాలుగోదాంట్ల నడుము బల్ల గావాలె,
ఐదోదాంట్ల కొండ గావాలె.
నేను రెండిట్ల గూడ
తడిసిన బస్తానే అయిన.

పదో రోజు చాయ్ తాగుకుంట అడిగిన:
"మీ మంచుకొండల ముసలోళ్లందరు
గిదే చేసి పడుచోళ్లయిన్రా?"
చానసేపు గ్లాసుల్నే చూసింది.
"మా అమ్మ చెయ్యలే.
నన్ను ఈపున గట్టుకొని కనుమలు దాటింది,
రోడ్డు పనుల రాళ్లు గొట్టింది,
యాభై నిండకముందే పోయింది.
నేను హుబ్లీ బస్టాండుల
పదిహేను రూపాయలకు సన్న పుస్తకం కొన్న.
అట్ట మీద 'టిబెట్టు రహస్యం' అని రాసుంది.
మా రహస్యమే,
మేమే కొనుక్కోవాల్సి వచ్చింది."

"మరి అసలుదా, నకలుదా?"
భుజం మీది శాలువ సదురుకున్నది.
"ఈ స్వెట్టర్లు లూధియానావి.
హిమాలయాలవని కొంటరు.
ఎచ్చగున్నదా లేదా,
గదొక్కటి అడుగు."

మాఘం ఎండ ముదిరింది. డేరాలు లేసినయి.
గ్రౌండు నిండ కట్టెలు పాతిన బొందలు,
ఒక్క దాంట్ల మెరూన్ ఊలు పోగు.
కాశిబుగ్గల నా కిరాయి అర్ర
ఇరవై ఆరు మెట్ల మీద.
పొద్దుగాల పదమూడు చుట్లు తిరుగుతున్న,
సున్నం రాలిన గోడ మీద ఒక్క మచ్చను వట్టుకొని.
పద్నాలుగోది ఇంక అంటలే.

పడుచుతనం రాలే.
నెత్తి తెల్లగనే ఉన్నది, పండ్లు పోయినయి పోయినట్టే.
కని నిన్న పాల పాకీటు తీస్కొని
మెట్లన్ని ఎక్కినంక యాదికొచ్చింది,
రెయిలింగు వట్టుకోలే.
ఎవలన్న జూసిన్రేమో అని
కిందికి తొంగిజూసిన.
ఎవలు లేరు.
పాలు అర్రల వెట్టి
మల్ల దిగిన,
ఈసారి లెక్కవెట్టుకుంట ఎక్కుదామని.