సెగగది

అంబత్తూరు ఎస్టేటులో మూడో వీధి చివర
ఒక్క కోడీ కనపడని కోడిగుడ్ల ఫ్యాక్టరీ మాది.
నామక్కల్ లారీలు తెల్లారకముందే వస్తాయి.
పెంకు పగిలిన చోటే కాపురం రెండవుతుంది,
పచ్చసొన ఒక గొట్టంలోకి, తెల్లసొన ఇంకో గొట్టంలోకి.

తెల్లసొనలో కూడా తీపి ఉంటుందని
ఇక్కడికి వచ్చాకే తెలిసింది నాకు.
పిసరంత. దాన్ని ముందే ఈస్టుకి మేపేస్తారు.
"తీపి మిగిల్తే సెగకి ఎర్రబడిపోతుందమ్మా"
అన్నాడు సూపర్‌వైజరు ఇళంపరిది, చేరిన మొదటి రోజు.
సామెత చెప్తున్నాడనుకుని తలూపాను.
కెమిస్ట్రీ అంట.

తర్వాత మూడంతస్తుల ఎత్తునుంచి తుంపరగా దూకి
అడుగు చేరేలోపే పొడైపోతుంది సొన.
ఆ పొడి అట్టపెట్టెల్లో నా దగ్గరికొస్తుంది.

నా గదికి కిటికీ లేదు.
డెబ్బై రెండు డిగ్రీలు, పది రోజులు.
తలుపు పక్క అద్దంలోంచి ముల్లు చూసి
గంటకోసారి అంకె రాయాలి, అంతే ఉద్యోగం.
పెట్టెలు సర్దడానికి లోపలికెళ్లే మునిరత్నం
రెండు నిమిషాలకే బయటపడి
గోడకి వీపు ఆనించి నిలబడతాడు.
వాడి చొక్కా నిండా ఇస్త్రీబండ వాసన.

బాణలిలో అయితే ఈపాటి వేడికే
తెల్లసొన ముద్దకట్టేస్తుంది, ఇక వెనక్కి రాదు.
అదే సొన నీళ్లు వదిలేసుకున్నాక
పది రోజులు సెగలో కూచుని
పొడిగానే లేచొస్తుంది.
గడ్డకట్టడానికైనా కాస్త తడి ఉండాలి కాబోలు.

లోపల ఏం జరుగుతుందని ల్యాబులో తామరసెల్విని అడిగాను.
పురుగు చస్తుంది, అది సరే.
ఇంకా, మడతలు కొంచెం వదులవుతాయంది.
మా నగరిలో మగ్గం దిగిన చీర గుర్తొచ్చింది.
మడత విప్పకపోతే కట్టుకోలేం,
మొత్తం విప్పి పారేస్తే అంగడివాడు కొనడు.

మొన్న ఆరో రోజున ఫోనొచ్చింది.
కేకుల కంపెనీవాడికి తొందర, లారీ పంపేశాడట.
"ఆరైనా పదైనా తెలుపు తెలుపే కదా" అన్నాడు మేనేజరు.
తామరసెల్వి మాట్లాడలేదు.
ఆరు రోజుల పొడి, ముందు బ్యాచిలో మిగిలిన పది రోజుల పొడి
నీళ్లలో కలిపి, ఉడికించి, చల్లార్చి
రెండు తెల్లటి బిళ్ళలు కోసింది.
మిషన్ కడ్డీ మెల్లగా దిగింది.
ఆరు రోజులది చప్పుడు లేకుండా చిట్లింది.
పది రోజులది లోపలికి నొక్కుకుపోయి, నొక్కుకుపోయి,
అందరం ఊపిరి బిగబట్టాం,
కడ్డీ పైకి లేవగానే మళ్ళీ తన ఎత్తుకి తను వచ్చింది.

లారీ ఖాళీగా తిరిగెళ్లింది.
డ్రైవరు డీజిలు డబ్బులకి గేటు దగ్గర గొడవ పడ్డాడు.
మేనేజరు ఆ రోజంతా ఎవరితోనూ పలకలేదు.

రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు మావాళ్లు.
బయట రోడ్డు మీద తారు చెప్పులకంటుకుంటోంది.
ఎండకి ఓ లెక్కా పాడూ లేదు, ఎంత పడితే అంత కాస్తుంది,
ఎప్పుడాపాలో దానికెవరూ చెప్పరు.
సెగ అట్లా కాదు. దాన్ని కాపలా కాయాలి.
ఎక్కువైతే పొడి నీళ్లలో కలవదు, తక్కువైతే చిట్లుతుంది.
ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది నాకు.
షేర్ ఆటోలో పక్కనామెకి చెప్పబోయాను ఒకసారి.
ఆవిడ పట్టరవాక్కంలో దిగిపోయింది.

చిట్లిన బిళ్ళ ముక్కల మీద
మిరియాలపొడి చల్లుకుని తిన్నాం ముగ్గురం.
బాగానే ఉంది.
గడియారం రెండు కొట్టింది.
ఏడో రోజు. డెబ్బై రెండు పాయింట్ ఒకటి.
రాశాను.