పార్కింగ్ కాడి సూర్

రాజలింగూ,
రేపటి సంది ఈ బండి నీది.
మస్కట్ల పొద్దుగాల ఐదుకే ఎక్కించుకో వాళ్లను.
ఎడమకు సముద్రం, కుడికి బోడిగుట్టలు,
నడుమ నువ్వు, నీ ఏసీ చప్పుడు.

బిమ్మా గుంత కాడ గోడనీడ ఎనిమిది దాకనే.
గసొంటి నీలం యాడ లేదంటరు.
దిగినోళ్లు తడిబట్టల తోటే వచ్చి సీట్ల కూసుంటరు,
పాత తువ్వాలలు నాలుగు డిక్కీల పెట్టిన.

వాదీ షాబ్ కాడ వంతెన కిందికి తోలు, సల్లగుంటది.
పడవ దాటినోళ్లు మూడు గంటలకు గాని రారు.
నిద్ర పట్టకపోతే పైన పోయే లారీలు లెక్కపెట్టు.
నేను ఒకపారి నూటపన్నెండు దాకా పోయిన.

కల్హాత్‌ల ఊరు లేదు, గుమ్మటం ఉన్నది.
భూమి కదిలిందట, గుర్రాలమ్మిన రేవట,
ఒక బేగం మొగని కోసం కట్టిచ్చిందట.
గైడ్ ఇంగ్లీషుల నాకు సగమే సమజైంది.
తక్కిన సగం నువ్వు ఇని ఫోన్ జెయ్యి.

సూర్‌ల మాత్రం బండి దిగు.
పడవలు చేసే కాడ గేటు మీద సుహైల్ ఉంటడు,
అడగకుండనే కావా పోస్తడు.
లోపల చెక్క కోస్తాంటరు, కాలికట్ టేకట.
కండ్లు మూసిన.
ముక్కు జన్నారం పోయింది, చిన్నాయన కోతమిషన్ కాడికి.
రంపంపొట్టు పిడికెడు జేబుల ఏసుకున్న.
అంగీ రెండుసార్లు ఉతికినా పోలే.

ఇగ రాస్ అల్ జింజ్.
పదకొండేండ్లు తీసుకపోయిన, తీసుకొచ్చిన,
గేటు బయట స్టీరింగ్ మీద తలపెట్టి పండుకున్న.
ఒక్క రాత్రి ముసలామె ఒకతి, చేతికర్ర హోటల్ల మరిచి
నా భుజం అడిగింది.
గట్ల చూసిన.

ఎర్రలైటు ఎలుగుల
బండరాయంత పాణం, ఎనకకాళ్లతోటి ఇసుక ఎగజిమ్ముతాంది.
మా మీద పడ్డది, నోట్ల పడ్డది.
ఎవ్వలూ దులుపుకోలే.
ముసలామె నా చెవుల ఏదో అన్నది, ఏ భాషనో.
నేను అవ్ అన్న.

ఈ తొవ్వల ఏది చూడాలె అని నిన్ను అడుగుతరు.
అన్నీ మంచిగుంటయ్ సార్ అనకు.
నాలెక్క పదకొండేండ్లు ఆగకు కూడా,
నీ భుజం ఎవలన్న అడిగేదాక.

ఎడమ దిక్కు ఎనక టైరు
రెండ్రోజులకోసారి గాలి దిగుతది.
చూసుకో.